తెర మీద గీసిన అణువు మందు కాదు

2024 అక్టోబరులో రసాయన శాస్త్ర నోబెల్‌ను డేవిడ్ బేకర్, డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు ప్రకటించారు. ప్రొటీన్ ఎలా ముడుచుకుంటుందో కంప్యూటర్‌తో లెక్కగట్టినందుకు, ప్రకృతిలో లేని ప్రొటీన్లను రూపొందించినందుకు దక్కిన బహుమతి అది. అర్హులకే దక్కింది. అయితే ఆ వార్తతో పాటు ఒక తీర్పు కూడా మన పత్రికల్లోకి, కాలేజీల్లోకి, ఇళ్లలోకి వచ్చి స్థిరపడింది. ఇకమీదట మందు కనిపెట్టేది కృత్రిమ మేధ అని, రోగానికి కారణమైన ప్రొటీన్ ఆకారం తెలిశాక దానికి అతికే అణువును యంత్రమే గీసి ఇస్తుందని, గీసినదాన్ని తయారు చేయడం ఉత్త చేతిపని అని ఆ తీర్పు సారాంశం. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చేస్తానన్న అమ్మాయికి, అది కూడా సాఫ్ట్‌వేరే చేసేస్తుందట, నీకెందుకమ్మా ఆ ఆసిడ్ల వాసన, అని పెద్దవాళ్లు నచ్చజెబుతున్నారు.

ఈ తీర్పు తప్పు. దీన్ని తొందరపాటు అంచనాగా సరిపెట్టుకోవడానికి లేదు. మందు ఎలా పుడుతుందో తెలియకపోవడం వల్ల వచ్చిన తప్పు ఇది.

ఈ మాట కొత్తదేమీ కాదు. 1981లో అమెరికా వ్యాపార పత్రిక ఫార్చ్యూన్, మెర్క్ కంపెనీలో కంప్యూటర్‌తో మందులు రూపొందించడాన్ని ముఖచిత్ర కథనంగా వేసి, రాబోయే పారిశ్రామిక విప్లవం అదేనని ప్రకటించింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల్లో కంప్యూటర్ల బలం లక్షల రెట్లు పెరిగింది. మనుషుల మీద పరీక్షలకు చేరిన పది అణువుల్లో దాదాపు తొమ్మిది ఇవాళ్టికీ మధ్యలోనే ఆగిపోతున్నాయి.

అదే 1981లో రక్తపోటుకు క్యాప్టోప్రిల్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది. ఆలోచించి, రూపొందించి చేసిన మందు అంటే మొదట చెప్పుకోవలసింది దాన్నే. స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్మన్, మిగెల్ ఒండెట్టి రక్తపోటును పెంచే ఏసీఈ అనే ఎంజైమును ఆపాలనుకున్నారు. బ్రెజిల్ పాము విషంలోని కొన్ని పెప్టైడ్లు దాన్ని ఆపుతాయని అప్పటికే తెలుసు. ఎంజైము ఆకారం మాత్రం ఎవరికీ తెలియదు. అదే తరహా పనిచేసే మరో ఎంజైమును చూసి ఊహించి, ఒక్కో అణువూ చేసి, కొలిచి, మార్చి మళ్లీ చేశారు. చివర్లో కార్బాక్సిల్ గుంపు తీసి గంధకమున్న థయోల్ గుంపు పెట్టేసరికి బలం దాదాపు వెయ్యి రెట్లు పెరిగింది. ఏసీఈ స్ఫటిక నిర్మాణం బయటికొచ్చింది 2003లో. అప్పటికి క్యాప్టోప్రిల్ కోట్ల మంది మింగిన మాత్ర. ఆకారం తెలిస్తేనే మందు అన్న వాదన ఆ మాత్ర ముందు నిలబడదు.

ఆకారం తెలిస్తే మందు వచ్చేసినట్టే అన్న వాదన సంగతి చూద్దాం. దీని వెనక ఉన్నది 1894లో ఎమిల్ ఫిషర్ చెప్పిన తాళం–తాళంచెవి పోలిక. బడిపిల్లలకు చెప్పడానికి అది చాలు. అణువు అణువును నిజంగా ఎలా గుర్తుపడుతుందో తెలుసుకోవాలంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేయించిన పని చూడాలి.

న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలల్లో, సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని సింథసిస్ చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా వచ్చిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లానికి చెందిన సమ్మేళనాలు ఇచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా వేగం పుంజుకుంది. అంటే కాన్సర్ కణానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అలాంటప్పుడు ఫోలిక్ ఆమ్లంలా కనిపిస్తూనే దాని పనిని అడ్డుకునే అణువు ఒకటి చేయాలి. లెడర్లీ రసాయనికులు ఫోలిక్ ఆమ్లంలో ఒక ఆక్సిజన్‌ను తీసి అక్కడ అమైనో గుంపు పెట్టారు. అదే అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఆ రోగం వచ్చిన బిడ్డకు డాక్టరు ఇవ్వగలిగింది ఏమీ లేదు. అమినోప్టెరిన్‌కు ఒక మిథైల్ గుంపు చేరిస్తే మెథోట్రెక్సేట్. ఇవాళ రక్త కాన్సర్‌కూ, కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ ప్రపంచమంతా వాడుతున్న మందు అది.

మెథోట్రెక్సేట్‌కు ఫోలిక్ ఆమ్లంతో ఇంత దగ్గరి పోలిక ఉంది కాబట్టి, ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసే ఎంజైములో అది ఎలా కూర్చుంటుందో ఇదీ అలాగే కూర్చుంటుందని అనుకోవడం సహజం. తాళంచెవి తర్కం చెప్పేదీ అదే. 1977లో మెథోట్రెక్సేట్ పట్టుకున్న ఎంజైము స్ఫటిక చిత్రం వచ్చింది. ఆ తర్వాతి అధ్యయనాల్లో ఫోలిక్ ఆమ్లం కూర్చునే తీరుతో పోల్చి చూస్తే, మెథోట్రెక్సేట్‌లోని జంట వలయం 180 డిగ్రీలు తిరగబడి కూర్చుందని తేలింది. ఆ ఒక్క అమైనో గుంపు వలయపు స్వభావాన్నే మార్చింది. వలయం ఒక ప్రోటాన్‌ను పట్టుకుని, ఎంజైములోని ఆమ్ల గుంపును గట్టిగా కరుచుకుంది. ఆ పట్టు వదలదు కాబట్టే అది మందయింది. సుబ్బారావు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ చిత్రం ఆయన చూడలేదు. చూడకుండానే ఆయన మనుషులు అణువును చేశారు, అది పిల్లల ఒంట్లో పనిచేసింది, ఎందుకు పనిచేసిందో లోకానికి మూడు దశాబ్దాల తర్వాత తెలిసింది. ఇవాళ యంత్రాన్ని అడిగితే ఈ తిరగబాటును సరిగ్గా చెప్పవచ్చు. అది చెప్పగలిగేది ఆ అణువును ఎవరో చేసి, స్ఫటికంలో పెట్టి, చిత్రం తీసి, దాని ముందు ఉంచారు కాబట్టి.

ఇంకాస్త లోతుకు వెళితే లెక్క ఎంత సన్నటిదో తెలుస్తుంది. ఒక అణువు ప్రొటీన్‌ను పది రెట్లు గట్టిగా పట్టుకోవడానికి కావలసిన అదనపు శక్తి మోల్‌కు దాదాపు 1.4 కిలోకాలరీలు. ఒక మామూలు హైడ్రోజన్ బంధం బలం కన్నా అది తక్కువ. ఈ రంగంలో మేలైన లెక్కల పద్ధతుల్లో కూడా పొరపాటు దరిదాపుగా ఒక కిలోకాలరీ ఉంటుంది. పైగా అణువు ప్రొటీన్‌లోకి దూరేముందు తన చుట్టూ ఉన్న నీటిని వదులుకోవాలి, ప్రొటీన్ గుంటలోని నీరు తప్పుకోవాలి, ప్రొటీన్ తన భంగిమ మార్చుకోవాలి. వీటిలో ప్రతిదానికీ ఒక ఖర్చు, ఒక లాభం. ఆ రెండు పెద్ద అంకెల మధ్య మిగిలే చిన్న తేడాయే మందు బలం. ఆ తేడా ఎంతో తెలుసుకోవడానికి నమ్మకమైన మార్గం ఇప్పటికీ ఒకటే. అణువును చేసి కొలవాలి.

రూపకల్పన అనేదే లేదని నేను అనడం లేదు. రూపకల్పన ఎంత గొప్పగా ఉండగలదో సుగమ్మాడెక్స్ చూపిస్తుంది. అది తయారీ నుంచి వేరు చేయలేని పని అని కూడా అదే చూపిస్తుంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి మత్తు డాక్టర్లు రోక్యురోనియం ఇస్తారు. ఆపరేషన్ ముగిశాక ఆ ప్రభావం పోయి, రోగి తన ఊపిరి తానే తీసుకోవాలి. స్కాట్లండ్‌లోని న్యూహౌస్‌లో ఆర్గనాన్ కంపెనీ శాస్త్రవేత్త ఆంటన్ బోమ్, ఇలాంటి మందులను కరిగించడానికి సైక్లోడెక్స్ట్రిన్‌లనే చక్కెర వలయాలను పరిశీలిస్తున్నాడు. వలయం రోక్యురోనియంను తన బొరియలోకి లాక్కుంటుందని గమనించాడు. సీసాలో జరిగేది రక్తంలో ఎందుకు జరగకూడదు? కండరం మీది గ్రాహకం జోలికి వెళ్లకుండా, మందునే పట్టి బంధించే మందు చేయవచ్చు కదా?

ఎనిమిది గ్లూకోజ్‌లున్న గామా సైక్లోడెక్స్ట్రిన్ బొరియ వెడల్పు సరిపోయింది. లోతు సరిపోలేదు. రోక్యురోనియంలోని నాలుగు వలయాల స్టెరాయిడ్ అందులో పూర్తిగా మునగదు. కాబట్టి వలయం అంచున ఎనిమిది చేతులు తగిలించాలి. తగిలిస్తే ఆ చేతులే లోపలికి ముడుచుకుని బొరియను మూసేసే ప్రమాదం. అందుకని ప్రతి చేతి కొసన రుణావేశమున్న గుంపు పెట్టారు. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ ద్వారాన్ని తెరిచి ఉంచుతాయి, పైగా రోక్యురోనియంలోని ధనావేశమున్న నైట్రోజన్‌ను పట్టుకుంటాయి. ఎంత పొడవు చెయ్యి కావాలో రకరకాల పొడవుల్లో చేసి, కొలిచి తేల్చుకున్నారు. మింగ్‌-చియాంగ్ ఝాంగ్ తదితర రసాయనికుల ఆ పని 2002లో అచ్చయింది. ఐరోపాలో 2008లో, అమెరికాలో 2015 డిసెంబరులో అనుమతి వచ్చింది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే సంగతి ఒకటుంది. కాగితం మీద ఎనిమిది చేతులు గీయడానికి అర నిమిషం చాలు. ఫ్లాస్కులో మాత్రం ప్రతి అణువుకూ ఎనిమిదికి ఎనిమిదీ పట్టవు. ఏడు పట్టి ఒకటి మిగిలిపోయిన అణువులు ఉంటాయి, వాటిని వేరు చేయడం చాలా కష్టం. అమెరికాలో ఆ మందుతో ఇచ్చే సమాచార పత్రంలోనే, ఒక చెయ్యి తక్కువైన రూపం 7 శాతం దాకా ఉండవచ్చని రాసి ఉంటుంది. ఆ 7 శాతం ఏమిటో గుర్తించి, దాని వల్ల రోగికి హాని లేదని తేల్చి, ప్రతి బ్యాచ్‌లోనూ అది గీత దాటకుండా చూసేది రసాయనికులే. తెర మీద గీసిన అణువుకు ఇంప్యూరిటీ ఉండదు. రోగి నరంలోకి వెళ్లే అణువుకు ఉంటుంది.

ఇంప్యూరిటీ అన్నాను కాబట్టి ఇంకొకటి. అణువులు ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఈ విద్యకు సొంతంగా ఒక శాస్త్రం ఏర్పడిందే ఒక ఇంప్యూరిటీ వల్ల. డ్యుపాంట్ కంపెనీలో చార్లెస్ పెడర్సన్ వేరే ఏదో అణువు చేయబోతే, పక్కన కేవలం 0.4 శాతం దిగుబడితో తెల్లటి స్ఫటికాలు వచ్చాయి. పారబోయకుండా పరీక్షించాడు. ఆ వలయం పొటాషియం అయాన్‌ను తన మధ్యలో పట్టి ఉంచుతోంది. క్రౌన్ ఈథర్ల మీద ఆ వ్యాసం 1967లో వచ్చింది, 1987లో డొనాల్డ్ క్రామ్, జాన్‌-మారీ లేన్‌లతో కలిసి నోబెల్ వచ్చింది. ఆయనకు పీహెచ్‌డీ లేదు. ఉన్నది చేసిన పని మీద చూపు. ఆ చూపు ల్యాబ్‌లో ఏళ్లు గడిపిన మనిషికే వస్తుంది. అందుకే తయారీ చేతిపని మాత్రమే అన్న మాటను నేను ఒప్పుకోను.

చేతిపని అన్నవాళ్లు హాలికాండ్రిన్ సంగతి కూడా చెప్పాలి. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు హిరాటా, ఉయెమురా 600 కిలోల సముద్రపు స్పాంజి నుంచి తీయగలిగిన హాలికాండ్రిన్‌–బీ 12.5 మిల్లీగ్రాములు. కాన్సర్ కణాల మీద దాని ప్రభావం అసాధారణం. సముద్రాలను తోడినా రోగులకు సరిపడా దొరకదు. 1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం దాన్ని మొత్తంగా సింథసిస్ చేసింది. దారిలో చేసిన ముక్కలను పరీక్షిస్తే, అణువులో సగం భాగానికే ఆ శక్తి ఉందని తేలింది. ఐసై కంపెనీ ఆ సగాన్నే మలిచి ఎరిబ్యులిన్ చేసింది. 2010లో రొమ్ము కాన్సర్‌కు అనుమతి వచ్చింది. అందులో 19 కైరల్ కేంద్రాలు. కుడి ఎడమలు మార్చి పేర్చితే 5 లక్షలకు పైగా రూపాలు సాధ్యం. కావలసింది ఒక్కటే. 60కి పైగా దశల్లో, కర్మాగారం స్థాయిలో, ఆ ఒక్కటే వచ్చేలా చేశారు. ఏ సగం అవసరమో చెప్పింది ఏ లెక్కా కాదు. సింథసిస్ చేస్తుండగా చేతికొచ్చిన ముక్కలే చెప్పాయి.

ప్రొటీన్‌ను పట్టుకోవడంతోనే పని తీరదు. 2003 నాటి సార్స్ వైరస్ కోసం ఫైజర్ చేసిన అణువు ప్రొటియేజ్ ఎంజైమును చక్కగా పట్టుకుంది, నోటి ద్వారా ఇస్తే మాత్రం రక్తంలోకి తగినంత చేరదు. 2020లో కోవిడ్ వచ్చాక రసాయనికులు దాన్ని భాగం భాగంగా మార్చారు. ఆ ఏడాది జూలైలో నిర్మాట్రెల్విర్ మొదటిసారి చేసినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది 7 మిల్లీగ్రాములు. నవంబరు నాటికి కిలో దాటింది. 2021 డిసెంబరులో పాక్స్‌లోవిడ్‌కు అత్యవసర అనుమతి వచ్చింది. మిల్లీగ్రాము నుంచి కిలోకు, కిలో నుంచి టన్నుకు వెళ్లే ప్రతి మెట్టు దగ్గరా రియాక్షన్ కొత్తగా ప్రవర్తిస్తుంది. వేడి పోదు, స్ఫటికం పడదు, ఫ్లాస్కులో లేని ఇంప్యూరిటీ రియాక్టర్‌లో పుడుతుంది.

ఇక యంత్రం చేసిన మందుల సంగతి. 2020లో జపాన్ కంపెనీ సుమిటోమో డైనిప్పన్‌తో కలిసి బ్రిటన్ సంస్థ ఎక్సైంటియా డీఎస్‌పీ–1181ను మనుషుల పరీక్షలకు పంపినప్పుడు, కృత్రిమ మేధ రూపొందించిన తొలి మందు అని లోకమంతా రాసింది. మొదటి దశ పరీక్షల తర్వాత దాన్ని ఆపేశారు. ఆపేసిన వార్తకు అంత చోటు దొరకలేదు. ఆ అణువు దగ్గరికి చేరడానికి కూడా దాదాపు 350 అణువులను మనుషులు చేయవలసి వచ్చిందన్న సంగతీ ఎవరికీ పట్టలేదు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుకు ఇన్‌సిలికో సంస్థ తెచ్చిన రెంటోసెర్టిబ్ ఇంతకన్నా ముందుకు వెళ్లింది. 71 మంది రోగుల మీద జరిగిన రెండో దశ ఫలితాలు 2025లో అచ్చయ్యాయి, ఆశ కలిగించేలా ఉన్నాయి. ఆ ఆశను నేను తక్కువ చేయను. చేయవలసిన అణువుల సంఖ్యను వందల నుంచి పదులకు తగ్గించగలిగితే అది రసాయనికుడికి పెద్ద సాయం. సాయం చేసినదాన్ని యజమానిని చేయడమే తప్పు.

ఈ యంత్రాలకు చదువు ఎక్కడిదో కూడా అడగాలి. హస్సాబిస్, జంపర్‌లకు నోబెల్ తెచ్చిన ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి. అందులోని ప్రతి నిర్మాణం వెనకా దాన్ని ల్యాబ్‌లో ప్రయోగం చేసి తేల్చిన మనిషి ఉన్నాడు. ఏ అణువు ఏ ప్రొటీన్‌ను ఎంత గట్టిగా పడుతుందో చెప్పే ప్రతి అంకె వెనకా ఆ అణువును చేసినవాడున్నాడు. పైగా అచ్చయ్యేవి గెలిచిన రియాక్షన్లే. పదిసార్లు పెట్టి పదిసార్లూ తారుముద్ద మిగిలిన రియాక్షన్ ల్యాబ్ నోట్‌బుక్‌లోనే ఉండిపోతుంది, యంత్రానికి చేరదు. కొత్త అణువులు చేసేవాళ్లు తగ్గిపోతే యంత్రం తన పాత పాఠాన్నే తిరగేసుకుంటూ ఉండాలి.

ప్రొటీన్‌ను సరిగ్గా గుర్తుపట్టిన అణువు కూడా మందు కాకుండా పోవచ్చన్నది హైదరాబాదు స్వయంగా నేర్చుకున్న పాఠం. డాక్టర్ రెడ్డీస్ 1990ల చివర్లో మధుమేహానికి తన సొంత అణువులను రూపొందించి డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్స్ ఇచ్చింది. మన దగ్గర పుట్టిన అణువును విదేశీ కంపెనీ కొనుక్కోవడం అప్పట్లో మాటలు కాదు. వాటిలో రాగాగ్లిటజార్ తను పట్టుకోవలసిన గ్రాహకాలను బాగానే పట్టుకుంది. 2002లో జంతువుల మూత్రాశయంలో కణుతులు కనబడటంతో పరీక్షలు ఆపేశారు. ఆ సంగతి తెలిసింది అణువును చేసి, జీవిలోకి పంపి, వేచి చూశాకే.

హైదరాబాదుకు మందుల పేరు వచ్చింది ల్యాబ్ బల్లల మీద, రియాక్టర్ల దగ్గర. ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో రియాక్టర్ల మధ్య నేర్చుకున్నవాళ్లే తర్వాత కంపెనీలు పెట్టారు. ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఏ.వి.రామారావు బృందం ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చవకగా చేసే పద్ధతి కనిపెట్టి సిప్లాకు ఇచ్చింది. ఆ అణువును మొదట గీసింది వాళ్లు కాదు. ధర భరించలేని రోగికి అది అందేలా చేసింది వాళ్లు. ఎయిడ్స్ వచ్చినవాడికి అవసరమైన ఆవిష్కరణ అది. దాన్ని కాపీ అని తీసిపారేసే అలవాటు, తయారీని చేతిపని అనే ఇప్పటి అలవాటు ఒకే అజ్ఞానం నుంచి వచ్చాయి.

ఇవాళ హైదరాబాదు చుట్టూ, విశాఖ పరవాడలో వేలమంది రసాయనికులు పనిచేస్తున్నారు. కాంట్రాక్ట్ పరిశోధన సంస్థల్లో పొద్దున రియాక్షన్ పెట్టి, టీఎల్‌సీ చూసి, వర్కప్ చేసి, రాత్రిదాకా కాలమ్ దగ్గర నిలబడే పిల్లల్లో చాలామందికి తాము చేస్తున్న అణువు ఏ రోగానికో కూడా చెప్పరు. విదేశాల్లో యంత్రం గీసిందని వార్తల్లోకి ఎక్కే అణువులు చివరికి చైనాలోనో మన దగ్గరో ఇలాంటి చేతుల్లోనే తయారవుతున్నాయి. వీళ్లకు జీతం తక్కువ, పేరు లేదు, ఏ గుంపును ఎందుకు మార్చాలో నిర్ణయించే గదిలో చోటు లేదు. తయారీలో ఆలోచన లేదని నమ్మినప్పుడు ఆ చోటు ఇవ్వాలని ఎవరికి తోస్తుంది? మన యూనివర్సిటీల కెమిస్ట్రీ విభాగాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా ఎవరికీ పట్టకపోవడానికి కూడా ఈ నమ్మకమే కారణం.

కాబట్టి అడగవలసినవాళ్లను అడుగుతున్నాను. ప్రభుత్వాలు కృత్రిమ మేధ కేంద్రాలు పెట్టుకోవచ్చు, పక్కనే కెమిస్ట్రీ విభాగాల్లో అధ్యాపకులను నియమించాలి, పనిచేసే ఫ్యూమ్ హుడ్లు పెట్టించాలి, అణువు నిర్మాణాన్ని చూపే ఎన్ఎమ్ఆర్ యంత్రానికి ఏటా నిర్వహణ డబ్బు ఇవ్వాలి. యూనివర్సిటీలు ఎమ్మెస్సీ విద్యార్థి చేత ఒక్క అణువునైనా మొదటి దశ నుంచి చివరిదాకా చేయించి, శుద్ధి చేయించి, దాని ఎన్ఎమ్ఆర్‌ను అతని చేతే చదివించాలి. ఆ విద్యార్థికి ప్రోగ్రామింగ్ కూడా నేర్పాలి. కంపెనీలు అణువు చేసినవాడికి అది ఏ ప్రొటీన్ కోసమో చెప్పాలి, తర్వాత ఏం చేద్దామని అడగాలి. ఇక ఆ ఆసిడ్ల వాసన నీకెందుకని కూతుర్ని వెనక్కి లాగుతున్న తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: ఆ అమ్మాయిని కెమిస్ట్రీ చదవనివ్వండి.